రెక్కల ఈనెలను చదివిన గణితోపాధ్యాయుడు: రాబిన్ జాన్ టిల్యార్డు (1881–1937)

రాత్రివేళ దీపం చుట్టూ చేరే పురుగులలో లేత ఆకుపచ్చని దేహమూ, బంగారు వన్నె కన్నులూ, సన్నని వల వలె అల్లిన పారదర్శకమైన రెక్కలూ గల సుకుమారమైన కీటకం ఒకటి ఉంటుంది. దారం వంటి కాడ చివర ఒక్కొక్కటిగా ఇది పెట్టే గ్రుడ్లు ఆకుపై చిన్న పూమొగ్గలవలె కనిపిస్తాయి. తెలుగు రైతులకు వ్యవసాయశాఖవారు దీనిని అల్లిక రెక్కల పురుగు అనే పేరుతో పరిచయం చేశారు. దీని పిల్లపురుగులు పేనుబంకను పట్టి పీల్చివేస్తాయి గనుక పైరుకు మిత్రకీటకమని చెప్పారు. చూచేవారికి ఆ రెక్క ఒక అందమైన జాలీ మాత్రమే. ఆ జాలీలోని ప్రతి గీతకూ పుట్టుక ఎక్కడ, బంధుత్వం ఎవరితో అని ప్రశ్నించి, సమాధానం రాబట్టడానికి ఆరోగ్యాన్నీ, స్థిరమైన ఉద్యోగాన్నీ పణంగా పెట్టిన వ్యక్తి రాబిన్ జాన్ టిల్యార్డు. ఆయన తొలుత కీటకశాస్త్రజ్ఞుడు కాడు. ఒక పాఠశాలలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడు.

టిల్యార్డు 1881 జనవరి 31వ తేదీన ఇంగ్లండులోని నార్విచ్ పట్టణంలో ఒక న్యాయవాది ఇంట జన్మించారు. డోవర్ కళాశాలలో చదివి, కేంబ్రిడ్జిలోని క్వీన్స్ కళాశాలలో గణితశాస్త్రం అభ్యసించి 1903లో పట్టభద్రులయ్యారు. సైనికోద్యోగంలో చేరవలెనన్న సంకల్పం ఉండేది గాని, కీళ్ళవాతం ఆ ద్వారాన్ని మూసివేసింది. ఆ వ్యాధి జీవితాంతం ఆయనను విడువలేదు. 1904లో, ఇరవై మూడేళ్ళ వయస్సులో, ఓడనెక్కి ఆస్ట్రేలియాకు చేరి సిడ్నీ గ్రామర్ స్కూలులో గణితం, విజ్ఞానశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడుగా కుదురుకున్నారు.

ఆ పాఠశాలలో తొమ్మిది సంవత్సరాలు పనిచేశారు. వారమంతా నల్లబల్ల ముందు నిలిచి బీజగణితం, రేఖాగణితం చెప్పి, సెలవు దొరికినపుడు వలా సీసాలూ చేతబట్టి వాగుల వెంట, మడుగుల వెంట తిరిగేవారు. ఆయనను మొదట ఆకర్షించినవి తూనీగలు. ఆస్ట్రేలియా తూనీగలను గూర్చి అప్పటికి తెలిసింది బహు స్వల్పం. ఉపాధ్యాయుడుగా ఉన్న కాలంలోనే ఆయన కొత్త జాతులను వర్ణిస్తూ సిడ్నీలోని లిన్నేయన్ సంఘం పత్రికకు వ్యాసాలు వ్రాయసాగారు. తూనీగ రెక్కలోని ఈనెల అల్లికను చూచినపుడు గణితం చదివిన మనస్సు ఊరక ఉండలేదు. ఏ ఈనె ఎక్కడ చీలింది, ఎన్ని అడ్డుగీతలు కలిశాయి, ఏ గడి చతురస్రం, ఏ గడి త్రికోణం అనేవి ఆయనకు లెక్కకు అందే విషయాలుగా తోచాయి. జంతుశాస్త్రం క్రమంగా నేర్చినవారు చాలామంది ఈ పనిని విసుగు పుట్టించేదిగా తలచేవారు. ఆయనకు మాత్రం అది రేఖాగణితంలోని ఒక సమస్యను విప్పడం వంటిదే. 1909లో కేంబ్రిడ్జిలో చదివిన పాట్రీషియా క్రాస్క్ అనే విదుషీమణిని వివాహమాడారు. వారికి నలుగురు కుమార్తెలు కలిగారు.

1913లో టిల్యార్డు బడి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు. అప్పటికాయనకు ముప్పది రెండేళ్ళు. పెరుగుతున్న కుటుంబం, నెలనెలా వచ్చే జీతం, గౌరవప్రదమైన స్థానం ఉన్నవి. వాటిని విడిచి సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా, తనకంటె పదేళ్ళు చిన్నవారి సరసన చేరారు. ఇట్టి సాహసాన్ని గూర్చి తరువాతి కాలంలో చదివేవారికి అది సహజంగానే కనిపిస్తుంది, ఎందుకనగా ఫలితం తెలిసిపోయింది. ఆనాటి ఇంటివారికి అది అంత తేలికైన నిర్ణయం అయి ఉండదు. మరుసటి సంవత్సరం, 1914లో, ఒక రైలు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డారు. కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. అసలే కీళ్ళవాతంతో బాధపడే దేహం ఆపైన ఎన్నడూ పూర్తిగా నిలదొక్కుకోలేదు. అయినా 1915లో న్యూ సౌత్ వేల్స్ లిన్నేయన్ సంఘంవారి మెక్‌లే పరిశోధక వేతనం లభించింది. దానితో అయిదేళ్ళపాటు జీవనభారం కొంత తగ్గి, పరిశోధనకు అవకాశం చిక్కింది. ఆయన జీవితంలో అతి ఫలవంతమైన కాలమదే.

1915 మొదలు 1919 వరకు ఆస్ట్రేలియా న్యూరోప్టెరా కీటకాలను గూర్చి వరుసగా ఎనిమిది అధ్యయనాలు ప్రచురించారు. న్యూరోప్టెరా అనగా ఈనెల రెక్కలు గలవి అని అర్థం. ఆకుపచ్చ అల్లిక రెక్కల పురుగులు, గోధుమవన్నె అల్లిక రెక్కల పురుగులు, ఇసుకలో గరాటు వంటి గుంట త్రవ్వి చీమలకై పొంచి ఉండే పిల్లపురుగు పెరిగి రెక్కలు దాల్చిన రూపం, ఇవన్నీ ఈ క్రమంలోనివే. ఈనాటి లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 6,000 జాతులు ఉన్నవి. పరిమాణంలో చిన్న క్రమమే, కాని బహు ప్రాచీనమైనది. అందులోనూ ఆస్ట్రేలియా ఖండం ఇతర భూభాగాల నుండి యుగయుగాలుగా విడివడి ఉన్నందున, వేరుచోట్ల అరుదైన పాత వంశాలు అక్కడ నిలిచి ఉన్నవి. టిల్యార్డు ఈ సంగతిని త్వరగా గుర్తించారు.

ఆయన పద్ధతిని తెలుసుకొనక ఆయన గొప్పతనాన్ని తెలుసుకోవడం సాధ్యం కాదు. కీటకపు రెక్కలో ఈనెలు గట్టిపడక ముందు, ప్యూపా దశలో, చిన్న సంచివలె ఉన్న లేత రెక్కలోకి సన్నని వాయునాళాలు ప్రవేశిస్తాయి. ఈనెలు సామాన్యంగా ఆ నాళాల దారినే ఏర్పడతాయి. కాబట్టి పెరిగిన రెక్కలో ఒక గీత ఏ మూల ఈనె నుండి వచ్చిందో తెలియనపుడు ప్యూపాలోని నాళాన్ని పట్టుకొని వెనుకకు వెళితే మూలం చిక్కుతుంది. ఈ మార్గాన్ని 19వ శతాబ్దం చివరలో అమెరికాలో కామ్‌స్టాక్, నీడ్‌హామ్ అనే ఇరువురు పండితులు చూపారు. చెప్పినంత సులభం కాదు. ప్యూపాను సరియైన వేళకు పట్టవలెను. నాళాలలో గాలి ఉన్నంతసేపే అవి సూక్ష్మదర్శినిలో వెండితీగెలవలె మెరుస్తూ కనిపిస్తాయి. లోపలికి నీరు చొరబడితే చూస్తుండగానే మాయమవుతాయి. చిన్న గోరంత లేని రెక్కను కోసి, పరచి, గీతలన్నీ మాయమయ్యేలోపల బొమ్మ గీయవలెను. వాతంతో వేళ్ళు బిగుసుకునే మనిషి ఈ పని చేశారన్నది మరువరాదు.

1916లో వెలువడిన మూడవ అధ్యయనం ఆకుపచ్చ అల్లిక రెక్కల పురుగుల కుటుంబమైన క్రైసోపిడేకు సంబంధించినది. ఈ పురుగు ముందు రెక్క నడుమ రెండు పొడవైన ఈనెలు ఇంచుమించు సమాంతరంగా సాగుతాయి. చూచినవారెవరైనా అవి అన్ని కీటకాలలోనూ ఉండే మధ్య ఈనె, దాని దిగువనుండే క్యూబిటల్ ఈనె అనుకొనక తప్పదు. టిల్యార్డు ప్యూపాలోని నాళాలను అనుసరించి చూడగా అవి రెండూ ఒక్కొక్క ఈనె కావని తేలింది. పైన ఉన్న ఈనె కొమ్మల ముక్కలు కొన్ని, నిజమైన మధ్య ఈనె ముక్కలు కొన్ని, వాటి నడుమ అడ్డుగీతలు వంగి, ఒకదాని చివర మరొకటి అతికి, తిన్నని గీత భ్రమను కలిగిస్తున్నవి. రహదారిపై పోయే బాటసారి అదంతా ఒకే బాట అనుకుంటాడు. నిజానికి ఒక ఊరి బండిదారి కొంత, మరొక ఊరి చెరువుగట్టు కొంత, ఇంకొక ఊరి పొలంగట్టు కొంత కలిపి వేసిన రహదారి అది. ఈ రెండు కపటపు గీతలకు టిల్యార్డు మిథ్యా మధ్య ఈనె, మిథ్యా క్యూబిటల్ ఈనె అన్న అర్థం వచ్చే పేర్లు పెట్టారు. నేటికీ ఈ కుటుంబాన్ని వర్ణించే ప్రతి గ్రంథంలోనూ, ప్రతి రేఖాచిత్రంలోనూ ఆ పేర్లే నిలిచి ఉన్నవి.

ఒక పురుగు రెక్కలో గీత నిజమైనదైతేనేమి, మిథ్య అయితేనేమి అని అనిపించవచ్చు. వర్గీకరణ అంతా దానిపైనే ఆధారపడి ఉన్నది. రెండు పురుగుల రెక్కలలో ఒకేచోట ఒకే గీత కనిపించినంత మాత్రాన అవి బంధువులు కావు. ఆ గీత ఒకే మూలం నుండి వచ్చినపుడే బంధుత్వం సిద్ధిస్తుంది. సుమారు 1,400 జాతులు గల క్రైసోపిడే కుటుంబాన్ని నేడు మూడు ఉపకుటుంబాలుగా విభజిస్తున్నారు: క్రైసోపినే, అపోక్రైసినే, నోథోక్రైసినే. పొలాలలో, తోటలలో కనిపించే జాతులు ఇంచుమించు అన్నీ మొదటి దానిలోనివి. మూడవదైన నోథోక్రైసినేలో బ్రతికి ఉన్నవి ఇరువది జాతులు మాత్రమే. వాటిలో కొన్ని ఆస్ట్రేలియావి. ఈ చిన్న ఉపకుటుంబపు రెక్కలలో మిథ్యా ఈనెలు అంత తిన్నగా, అంత స్పష్టంగా తీరలేదు. పాత మెలికలు ఇంకా కొంత కనిపిస్తాయి. అనగా రహదారి పూర్తిగా చదును కాకముందటి స్థితిని అవి నిలిపి ఉంచాయని చెప్పవచ్చు.

మరొక భేదం టిల్యార్డు కాలానికి తెలియనిది. క్రైసోపినే పురుగుల ముందు రెక్కల మొదట్లో, ఒక ఈనె ఉబ్బి, పలుచని పొర గల చిన్న చెవిగా మారి ఉన్నది. గబ్బిలం వేటాడుతూ వెలువరించే, మానవుని చెవికి అందని కేకలను ఆ చెవి పట్టుకుంటుంది. వెంటనే పురుగు రెక్కలు ముడిచి రాయివలె క్రిందికి జారిపోతుంది. ఈ చెవి నిర్మాణాన్ని 1970 ప్రాంతంలో లీ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు వివరించారు. నోథోక్రైసినేకు ఈ చెవి లేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం ఫ్లోరిసాంట్ వద్ద దొరికిన సుమారు 3 కోట్ల 40 లక్షల ఏళ్ళనాటి శిలలలో మాత్రం నోథోక్రైసినే శిలాజాలే ఎక్కువ. ఒకప్పుడు విస్తారంగా ఉన్న ఈ ఉపకుటుంబం క్షీణించి, చెవి గల వంశం వృద్ధి పొందడానికి గబ్బిలాల రాక ఒక కారణమై ఉండవచ్చునని కొందరు భావిస్తున్నారు. అది ఇంకను ఊహయే గాని నిశ్చయం కాదు. ఈ చర్చలన్నిటికీ ఆధారమైన రెక్క పటం మాత్రం 1916లో సిద్ధమైనది.

ఇతర కుటుంబాలలోనూ ఆయన శ్రద్ధ ఇట్టిదే. సైకాప్సిడే అనే విశాలమైన పట్టురెక్కల కుటుంబాన్ని పునఃపరిశీలించి, అందులోని ఒక జాతిని గ్రుడ్డు దశ నుండి పెంచి, పిల్లపురుగులు యూకలిప్టస్ చెట్ల బెరడు క్రింద నివసిస్తాయని వివరించారు. ఇథోనిడే కుటుంబంపై ఆయనకు ప్రత్యేకమైన మక్కువ. వసంతకాలంలో నేలలోనుండి గుంపులుగా వెలువడే ఈ బరువైన గోధుమరంగు కీటకాలు చూపుకు చిమ్మటలను పోలి ఉంటాయి. వీటి పిల్లపురుగు తెల్లగా, కన్నులు లేక, కొక్కెంవలె వంగి, పేడపురుగుల జాతి పిల్లపురుగును తలపిస్తుంది. అది మట్టిలోని అట్టి పురుగులనే తిని బ్రతుకుతుందని 1922లో ఆయన వ్రాశారు. తరువాతివారు దానిని అంగీకరించలేదు. ఈ కుటుంబపు పిల్లపురుగులు వేర్లను ఆశ్రయించేవని తేలుతున్నది. రెక్కను చదివినంత నిశ్చయంగా భూమి లోపలి జీవితాన్ని చదవడం ఎవరికీ సాధ్యం కాదు.

జీవించి ఉన్న రెక్కల నుండి ఆయన శిలలలోని రెక్కల వైపు మరలారు. కీటకపు దేహం మట్టిలో కుళ్ళి మాయమైనా రెక్క ముద్ర మాత్రం శిలపై నిలుస్తుంది. కాబట్టి ఈనెలను చదువగలవానికి శిలాజం తెరచిన పుస్తకమే. క్వీన్స్‌లాండులోని ఇప్స్‌విచ్ శిలలు, న్యూ సౌత్ వేల్స్‌లోని బెల్మాంట్ శిలలు, తరువాత అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఎల్మో గ్రామం వద్ద దొరికిన పెర్మియన్ యుగపు శిలలు ఆయన చేతికి వచ్చాయి. వీటి ఆధారంతో చిమ్మటలు, ఈగలు, తేలు తోక ఈగలు, అల్లిక రెక్కల పురుగులు మున్నగునవి ఒకే మహావంశపు శాఖలని ప్రతిపాదిస్తూ 1917 నుండి 1920 వరకు ఒక దీర్ఘమైన వ్యాసమాల వెలువరించారు. చిమ్మటలకూ, ఈగలకూ, తేలు తోక ఈగలకూ మధ్య ఆయన చూపిన చుట్టరికం నేటికీ నిలిచినది. అల్లిక రెక్కల పురుగుల విషయంలో మాత్రం కాలం ఆయనకు ప్రతికూలంగా తీర్పు చెప్పింది. జన్యుపదార్థ పరిశీలన వచ్చిన తరువాత అవి పెంకు పురుగులకు దగ్గరి బంధువులని స్థిరపడింది.

అదే కాలంలో, 1917లో, తూనీగల జీవితాన్ని గూర్చిన ఆయన ఉద్గ్రంథాన్ని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. రాజీనామా ఇచ్చిన నాలుగేళ్ళకే లోకమంతటా ఆ రంగంలో ప్రమాణంగా నిలిచిన పుస్తకమది.

1920లో న్యూజిలాండులోని నెల్సన్ పట్టణంలో కాత్రాన్ సంస్థ జీవశాస్త్ర విభాగానికి అధిపతిగా వెళ్ళారు. నెల్సన్ ఆపిలు తోటల సీమ. ఆ తోటలను దూది వంటి తెల్లని పొర కప్పుకొన్న ఒక పేను పీడిస్తుండేది. దాని జన్మస్థానమైన అమెరికాలో దానికి సహజ శత్రువైన చిన్న పరాన్నజీవి కందిరీగ ఒకటి ఉన్నదని ఎరిగి, దానిని తెప్పించి, పెంచి, తోటలలో విడిపించారు. కందిరీగ అనుటే గాని అది ఆవగింజకంటె చిన్నది. పేను దేహంలో గ్రుడ్డు పెట్టి దానిని లోపలినుండి తినివేస్తుంది. కొద్ది సంవత్సరాలలో పేను అదుపులోకి వచ్చింది. పురుగును పురుగుతోనే జయించే విధానానికి ఆ దేశంలో అది ప్రసిద్ధమైన తొలి విజయాలలో ఒకటి. కలుపుమొక్కలను తినే కీటకాలను తెప్పించే ప్రయత్నాలకు కూడా ఆయన పూనుకున్నారు. ఈనెలు లెక్కించే పండితుడని నవ్వినవారెవరైనా ఉంటే, వారికి జవాబు ఆపిలు కొమ్మలపై దొరికింది. ఏ కీటకం ఏ వంశానిదో నిశ్చయంగా తెలియకుండా దాని శత్రువును వెదకబూనడం చీకటిలో రాయి విసరడమే గదా!

1925లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1926లో ఆస్ట్రేలియా, న్యూజిలాండు కీటకాలను గూర్చి ఆయన వ్రాసిన బృహద్గ్రంథం సిడ్నీలో అచ్చయింది. ఆ రెండు దేశాలలోని విద్యార్థులకు దశాబ్దాలపాటు అదే ఆధారగ్రంథం. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థవారు దానికి బదులుగా కొత్త గ్రంథం తెచ్చేసరికి 1970 వచ్చింది.

1928లో కాన్‌బెర్రా నగరంలో కొత్తగా ఏర్పడిన ప్రభుత్వ కీటకశాస్త్ర విభాగానికి తొలి అధిపతిగా నియమితులయ్యారు. గొర్రెల మందలను పీడించే ఈగలు, పశువుల ఈగలు, కలుపు మొక్కలు వంటి జాతీయ సమస్యలు ఆయన బల్లపైకి వచ్చాయి. కాని పరిపాలన ఆయనకు అంతగా అచ్చిరాలేదు. దేహం క్షీణించింది. త్వరపడే స్వభావం, ఆశించిన ఫలితం ముందే చూడగల ఊహాశక్తి పరిశోధకునికి వరాలు, కార్యాలయంలో అవే చిక్కులు. 1934లో అనారోగ్య కారణంగా పదవీవిరమణ చేయవలసి వచ్చింది.

ఆయన జీవితంలో మరుగుపరచరాని అధ్యాయాలు రెండున్నవి. మొదటిది ప్రేతాత్మల పరిశోధన. 1928లో అమెరికాకు వెళ్ళినపుడు బోస్టన్ నగరంలో, మరణించిన తన సోదరుని ఆత్మను రప్పిస్తానని చెప్పే ఒక స్త్రీ సమక్షంలో చీకటి గదిలో కూర్చున్నారు. మైనంపై పడిన బొటనవ్రేలి ముద్రలను ఆత్మ ఇచ్చిన ఆనవాళ్ళుగా ఆయన విశ్వసించారు. ఆ ముద్రలు బ్రతికి ఉన్న ఒక దంతవైద్యునివేనని 1932లో బయటపడింది. రెండవది దక్షిణ ఆస్ట్రేలియాలోని అతి ప్రాచీన శిలలకు సంబంధించినది. సుప్రసిద్ధ భూగర్భశాస్త్రజ్ఞుడు ఎడ్జ్‌వర్త్ డేవిడ్ ఆ శిలలలో కేంబ్రియన్ యుగానికి పూర్వపు జంతువుల ముద్రలున్నవని నమ్మారు. 1934లో ఆయన మరణించగా, టిల్యార్డు ఆ పనిని పూర్తిచేసి 1936లో ఇరువురి పేర్లతో ప్రచురించారు. పండితలోకం అంగీకరించలేదు. అవి జంతువులు కావని, శిలలో సహజంగా ఏర్పడిన ఆకారాలేనని తేలింది. అట్టి ప్రాచీన జీవులు నిజంగానే దక్షిణ ఆస్ట్రేలియాలోనే, ఎడియాకరా కొండలలో, 1946లో రెజ్ స్ప్రిగ్ అనే యువ భూగర్భశాస్త్రజ్ఞునికి దొరికాయి. అప్పటికి వీరిద్దరూ లేరు.

అల్లిక రెక్కపై తిన్నగా కనిపించిన గీతను నమ్మక, ప్యూపాను కోసి చూచి, ఇది మిథ్య అని తేల్చినవారు ఆయనే. మైనంపై గీతలనూ, రాతిపై గీతలనూ చూచి నమ్మినవారూ ఆయనే. మొదటి సందర్భంలో వెనుకకు వెళ్ళి సరిచూచుకోవడానికి వాయునాళం ఉన్నది. తక్కిన రెండింటిలో అట్టి సాక్షి ఏదీ లేదు. ఆయనను నిందించేవారు ఈ భేదాన్ని గమనించవలెను. కీర్తించేవారు కూడా గమనించవలెను. వాయునాళాలు సైతం అన్నివేళలా నమ్మదగిన సాక్షులు కావనీ, కొన్ని కీటకాలలో అవి దారి తప్పుతాయనీ తరువాతి పరిశోధకులు కనుగొన్నారు. అందువలన నేటివారు నాళాలతోబాటు శిలాజాలను, జన్యువులను కూడా సంప్రదించి గాని ఈనెకు పేరు పెట్టరు.

1931లో న్యూ సౌత్ వేల్స్ రాయల్ సొసైటీవారి క్లార్క్ పతకం ఆయనను వరించింది. పదవి విడిచిన తరువాత కూడా సూక్ష్మదర్శినిని విడువలేదు. కాన్సస్ నుండి వచ్చిన రాతిపలకలు ఆయన బల్లపై ఉండనే ఉన్నవి. 1937 జనవరిలో గోల్‌బర్న్ పట్టణ సమీపంలో ఆయన ప్రయాణం చేస్తున్న మోటారుకారు ప్రమాదానికి గురైంది. ఆ గాయాలతో 13వ తేదీన కన్నుమూశారు. మరి పద్దెనిమిది దినాలకు ఏబది ఆరు నిండేవి. 1924లో ఆరంభించిన కాన్సస్ పెర్మియన్ కీటకాల వ్యాసమాలలోని కడపటి భాగాలు ఆ సంవత్సరమే అచ్చయ్యాయి.